అవ్వ చదివిన పుస్తకం

పద్దెనిమిదేళ్ళకే బాల్య జ్ఞాపకాలేమిటని మా నాన్న నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. షార్జాలో ఒకే వీధిలో పదేళ్ళున్నవాళ్ళని అడిగి చూడండి, ఐదేళ్ళలో ఎంత లోకం మాయమవుతుందో చెబుతారు. అక్కడి రోలా పేటలో మేముండిన భవనంలో ఇప్పుడు మాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. లిఫ్టులో మలయాళం వాళ్ళ కొబ్బరినూనె వాసన లేదు. కింది కెఫెటీరియాలో టీ మరుగుతుంటే మూడో అంతస్తు దాకా ఎగబాకే ఏలకుల ఘాటు లేదు. ఇక మా హాల్లో సగానికి కట్టిన పూలకర్టెను, దాని వెనక మంచం, మంచం మీద జపమాల తిప్పుకుంటూ కూర్చునే అవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇదంతా గుర్తు రావడానికి కారణం పోయిన వారం అల్ కుసైస్‌లో మేం వెళ్ళిన ఒక మాల్. డిసెంబరు కదా, ఎడారి నడిబొడ్డున దూదితో మంచు కురిపించారు. పైన తినుబండారాల దుకాణాల దగ్గర గోడంత టీవీ పెట్టి బొమ్మల సినిమా ఒకటి వేశారు. టీవీ గొంతు నొక్కేసి ఉంది. అయినా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ సినిమాలో ఎలాగూ మాటలుండవు. ఒక పిల్లవాడు మంచుతో మనిషిని చేస్తాడు, ఆ మనిషికి ప్రాణం వస్తుంది, ఇద్దరూ ఒక రాత్రి అంతా ఆడుకుంటారు, ఆకాశంలో తిరిగొస్తారు. తెల్లారి పిల్లవాడు లేచేసరికి మంచుమనిషి ఉండడు.

పదకొండేళ్ళ మా చెల్లి బర్గరు పక్కన పెట్టి చివరిదాకా చూసింది. "అక్కా, ఇది అవ్వ చెప్పినట్టు లేదు" అంది.

నేనూ నా బర్గరు పక్కన పెట్టేశాను. ఐదేళ్ళుగా నేనెవరికీ చెప్పని పని ఒకటుంది, అది ఈ సినిమాతో ముడిపడి ఉంది.

అవ్వ మాకు చుట్టం కాదు. కడప దగ్గర ఊరు. తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి ఇళ్ళలో వంటలు చేసి, పిల్లల్ని పెంచి, చివరికి ఒక పెద్ద కుటుంబం దగ్గర కుదురుకుంది. కరోనా వచ్చిన ఏడాది ఆ కుటుంబం మూటాముల్లే సర్దుకుని దేశం వదిలి వెళ్ళిపోయింది. అవ్వ వీసా కూడా వాళ్ళతోనే పోయింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న ఒక సూపర్‌మార్కెట్ గోదాములో పని. అందరి ఉద్యోగాలూ ఆగిపోయిన ఆ రోజుల్లో వీళ్ళిద్దరికీ మాత్రం సెలవన్నదే లేదు. పదమూడేళ్ళ నన్నూ, ఆరేళ్ళ చెల్లినీ చూసుకునే మనిషి కావాలి. అవ్వకి తల దాచుకునే చోటు కావాలి. హాల్లో కర్టెను కట్టారు, అంతే.

అవ్వ అమ్మను 'సిస్టరమ్మా' అని పిలిచేది. నన్ను పెద్దపాపా అని, చెల్లిని చిన్నపాపా అని. చెల్లి మొదటి వారంలోనే అవ్వ కొంగుకి అతుక్కుపోయింది. నేను మాత్రం కొంచెం ఎడంగానే ఉండేదాన్ని. పదమూడేళ్ళ వయసుకి ప్రపంచంలో ప్రతిదీ సిగ్గే. అవ్వ ముక్కుపుడక సిగ్గు, గట్టిగా మాట్లాడటం సిగ్గు, ఎవరితోనైనా తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడూ కలిపి దంచేయడం సిగ్గు. లిఫ్టులో నా స్నేహితురాలు ఎదురైతే అవ్వ మాతో వచ్చిన మనిషి కానట్టు బోర్డు మీది అంకెలు చూసేదాన్ని.

ఆమె వంట దగ్గర మాత్రం నాకు సిగ్గూ శరమూ ఉండేవి కావు. పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉల్లిపాయ, పచ్చిమిర్చి తిరగమోతతో ఉగ్గాణి చేస్తే రెండుసార్లు పెట్టించుకునేదాన్ని. అమ్మ డ్యూటీ నుంచి రాగానే ఎవరినీ ముట్టుకోకుండా స్నానాల గదికి పరిగెత్తేది. ఇల్లంతా డెటాల్ వాసన. ఆ డెటాల్ మీద అవ్వ ఎర్రకారం దోసె వాసన వచ్చి కూర్చుంటే ఇంటికి ప్రాణం వచ్చినట్టుండేది.

మా బడి అప్పుడు భోజనాల బల్ల మీదికొచ్చింది. లాప్‌టాప్ ఒకటే, కాబట్టి పొద్దున నా క్లాసులు, తర్వాత చెల్లివి. చెల్లి క్లాసుకి మీటలు నొక్కే ఉద్యోగం నాది. మొదటి రోజే చెల్లి ఏబీసీడీలు చెబుతుంటే వంటింట్లో కుక్కరు ఈల వేసింది. అటువైపు ముప్ఫై మంది పిల్లలు పకపకా నవ్వారు. నేను చచ్చిపోవాలనుకున్నాను. క్లాసు అవగానే అవ్వను లాక్కొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను.

"అవ్వా, ఇదుగో ఈ మైకు బొమ్మ చూడు. దీని మీద ఎర్ర గీత ఉంటే మన చప్పుడు వాళ్ళకి పోదు. గీత లేకపోతే పోతుంది. గీత చూశాకే కుక్కరు పెట్టు."

"ఎర్ర గీతుంటే పోదు. గీత ల్యాకపోతే పోతాది" అని రెండుసార్లు అప్పజెప్పుకుంది. అవ్వకి అక్షరం రాదు, వేలిముద్రే. కానీ ఆ రోజు మొదలు ఒక్కసారి కూడా తప్పలేదు. పొయ్యి వెలిగించే ముందు గరిటె చేత్తో పట్టుకుని వచ్చి, మెడ సాచి తెర మూలకి చూసి, వెనక్కి వెళ్ళేది.

ఆ ఏడాది వెళ్ళిపోయేవాళ్ళంతా మోయలేని సామాను లిఫ్టు పక్కన వదిలిపోయేవాళ్ళు. పైఅంతస్తు వాళ్ళు వదిలిన అట్టపెట్టెలో చెల్లికొక బొమ్మల పుస్తకం దొరికింది. పేజీలన్నీ బొమ్మలే, అక్షరం ముక్క లేదు. "ఇది తప్పు పుస్తకం. రాయడం మర్చిపోయారు" అని చెల్లి దాన్ని మంచం కిందకి తోసేసింది.

డిసెంబరులో చెల్లి టీచరు క్లాసులో ఒక సినిమా చూపించింది. బడిలో ఏటా పెద్ద హాల్లో వేసేదే, ఆసారి లాప్‌టాప్‌లో వేసింది. ఆ ఏడాది మొత్తం మీద ఎవరూ 'మిస్, వినపడట్లేదు' అనని క్లాసు అదొక్కటే. రెండు నిమిషాలకే చెల్లి "నా పుస్తకం!" అని అరిచి మంచం కింద దూరింది. నిజమే, తప్పు పుస్తకంలోని బొమ్మలే కదులుతున్నాయి.

అవ్వ కొత్తిమీర ఏరుకుంటూ మా వెనక నిలబడింది. నిలబడ్డది కూర్చుంది. కొత్తిమీర ఒళ్ళోనే ఉండిపోయింది. మా ఇంట్లో టీవీలో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ ఏది వచ్చినా సగంలో లేచి వెళ్ళిపోయే మనిషి, దీన్ని మొదటి నుంచి చివరిదాకా చూసింది. పిల్లవాడు నవ్వితే నవ్వింది. మంచుమనిషి పొయ్యి దగ్గరికి పోబోతే "పోవాకు నాయనా" అని హెచ్చరించింది. చివర్లో పిల్లవాడు లేచి బయటికి పరిగెత్తి, అక్కడెవరూ లేకపోయేసరికి ఆమె ముఖం నల్లబడింది.

"ఇదేం కత? పిల్లోడు నిద్రపోతాన్నప్పుడు పోవడమేంది? ఒక మాట చెప్పి పోతే ఆ తెల్లాయన నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని కొత్తిమీర తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కరిగిపోయిన మంచుని పట్టుకుని ఇంత కోపమా అని నాకు నవ్వొచ్చింది.

ఆ మర్నాడు చెల్లి మంచుమనిషి కావాలని ఏడుపు లంకించుకుంది. షార్జాలో మంచు ఎక్కడి నుంచి తెస్తారు? అవ్వ తెచ్చింది. మా పాత ఫ్రిజ్ పైఅరలో ఎప్పుడూ పిడికెడు మందాన పేరుకుని ఉండే తెల్లటి పొరని గరిటెతో గీకి పళ్ళెంలోకి దింపింది. జానెడు మనిషి తయారయ్యాడు. కళ్ళకి లవంగాలు, ముక్కుకి పచ్చిమిర్చి, తలకి నా పెన్ను మూత. ఆ అరలో నాన్న తెచ్చిన వంజరం చేప ఉండేది కాబట్టి మా మంచుమనిషి దగ్గరికెళ్తే చేప వాసన. బాల్కనీలో పెట్టాం. పావుగంటకి ముక్కు జారింది, అరగంటకి పళ్ళెంలో నీళ్ళు మిగిలాయి. చెల్లి నోరు తెరిచేలోపే అవ్వ ఆ నీళ్ళని పెయింటు డబ్బాలో ఉన్న కరివేపాకు మొక్కకి పోసేసింది. "నీల్లు యాడికి పోతాయి? దీన్లోనే ఉండాడు, రేపు పప్పులోకొస్తాడు" అంది. చెల్లి చేప వాసన ఉందా అని ఆకు తుంచి చూసుకుంది. ఏడుపు మర్చిపోయింది.

ఆ సాయంత్రం నేనూ అవ్వా చిక్కుడుకాయలు వలుస్తున్నాం. సినిమా చూసి అంత కోపమెందుకొచ్చిందని అడిగాను. ఊరికే ఆటపట్టిద్దామని అడిగిన మాట అది.

అవ్వ చేతిలో కాయ ఆగలేదు. "నేను ఈ దేశానికి మొదట వచ్చినప్పుడు నా కూతురికి నాలుగేండ్లు. ఏడుస్తాది, పిల్ల నిద్రలో ఉన్నప్పుడే ఎల్లిపో అన్నారు అందురూ. అందురూ అట్లనే పోతారు గదా. నేనూ అట్లనే పోయినా. అది లేసి నా కోసరం బియ్యం డబ్బాలో సూసిందంట. దాగుడుమూతలనుకుంది పాపం. మూడేండ్లు ఫోన్లో నాతో మాట్లాడల్యా. ఇప్పుడు పెద్దదైంది, మాట్లాడతాది. కానీ పెద్దపాపా, ఈ పొద్దుటికీ నేను ఇంటికి పోతే అది నాకంటే ముందు నిద్రపోదు."

నేను ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు ఒళ్ళోకి లాక్కున్నాను. గల్ఫు ఇళ్ళలో అదొక ఆచారం. మా నాన్న కూడా మొదటిసారి నేను నిద్రపోతుండగానే వచ్చేశాడట.

ఆ వారంలోనే మా ఇంట్లోనూ గుసగుసలు మొదలయ్యాయి. వీసా లేనివాళ్ళు ఏడాది ఆఖరులోగా వెళ్ళిపోతే ఏ ఇబ్బందీ ఉండదని ప్రభుత్వం గడువిచ్చింది. నాన్న ఎక్కడెక్కడో తిరిగి అవ్వ కాగితాలు పూర్తి చేయించాడు. శుక్రవారం తెల్లవారుజామున విమానం. చెల్లికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

"చిన్నదానికి చెప్పొద్దు. ఏడ్చి జ్వరం తెచ్చుకుంటుంది. ఇప్పుడు జ్వరం వస్తే ఎంత గొడవో నీకు తెలుసుగా" అంది అమ్మ నాన్నతో. తర్వాత అవ్వ వైపు తిరిగి, "అది నిద్రపోతుండగానే మీరు బయల్దేరండమ్మా. లేచాక మేం ఏదో ఒకటి చెబుతాం. ఊరికెళ్ళి వచ్చేస్తుంది అంటాం" అంది.

అవ్వ తలొంచుకుని "మీ ఇష్టం సిస్టరమ్మా" అంది. ఇంకొకరి ఇంట్లో కర్టెను వెనక బతికే మనిషి ఇంకేమనగలదు? ఆమె ముఖం నేను చూశాను. చిక్కుడుకాయల రోజున విన్నదంతా అమ్మకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పెద్దవాళ్ళ మాటల్లో దూరితే అమ్మ కసురుతుందని. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

గురువారం చెల్లి క్లాసులో కథల రోజు. సెలవులిచ్చే ముందు కొంతమంది ఇళ్ళ నుంచి ఒక్కొక్క పెద్దమనిషి తెర ముందుకొచ్చి పిల్లలకొక పుస్తకం చదవాలి, ఏ భాషలోనైనా సరే. అమ్మా నాన్నా డ్యూటీలో ఉన్నారు. నేను చదువుతానంటే చెల్లి ఒప్పుకోలేదు. "అవ్వే చదవాలి. రాతల్లేని పుస్తకం ఉందిగా" అంది. తప్పు పుస్తకం ఒక్కసారిగా ఒప్పు పుస్తకమైపోయింది.

అవ్వ ఆ మధ్యాహ్నం ఉతికిన చీర కట్టుకుంది. తలమీద కొంగు సవరించుకుని పుస్తకాన్ని ఖురాను పట్టుకున్నంత భద్రంగా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మాకంటే ముందు ఒక పిల్లవాడి తండ్రి టై కట్టుకుని ఇంగ్లీషులో గడగడా చదివాడు. ఒక ఫిలిప్పీన్స్ అమ్మ పాడుతూ చదివింది. తర్వాత మా వంతు వచ్చింది. ఆ ముప్ఫై చిన్న చిన్న గళ్ళలో ఒకదాంట్లో నా స్నేహితురాలు తన తమ్ముడి పక్కన కూర్చుని ఉంది.

నేను మీట నొక్కాను. మైకు బొమ్మ మీద ఎర్ర గీత పడింది.

"ఇంక చెప్పు అవ్వా" అన్నాను.

అవ్వ తెర వైపు చూసింది. "ఒక్క నిమిషం" అని లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చి, మళ్ళీ కూర్చుని, మొదటి పేజీ తిప్పి కెమెరాకి చూపించింది. తర్వాత చెల్లి వైపు తిరిగింది.

"సూడు చిన్నపాపా. ఈ తెల్లాయన చలిదేశం నుంచి విజిట్ వీసా మీద వచ్చినాడు. ఈ పిల్లోడు రాండి రాండి అని ఇల్లంతా చూపిచ్చినాడు. ఇది ఫ్రిజ్జి, ఇది మీ ఊరు లెక్కుంటాది. ఇది గీజరు, దీని దగ్గరికి పోవాకు. ఇంగ చూడు, ఆకాశంలోకి లేసినారు. టికెట్టు ల్యా, పాస్‌పోర్టు ల్యా, ముక్కులో పుల్ల పెట్టిచ్చుకునే పని ల్యా..."

చెల్లి కిలకిలా నవ్వింది. తెర పక్కన టీచరు రాసిన మాట కనబడింది: మీ మైకు ఆగి ఉంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. మళ్ళీ రాసింది. మళ్ళీ ఊరుకున్నాను. అవ్వ చేతులు గాల్లో ఎగురుతున్నాయి, కళ్ళు పెద్దవవుతున్నాయి, భుజాలు చలికి ముడుచుకుంటున్నాయి. ముప్ఫై గళ్ళల్లో పిల్లలు కదలకుండా చూస్తున్నారు. వంటింట్లో కుక్కరు మూడు ఈలలు వేసింది. మైకు కట్టేసి మంచి పని చేశాననుకున్నాను.

ఆఖరి పేజీ వచ్చింది. అవ్వ పుస్తకాన్ని ఒళ్ళో దించుకుంది.

"పిల్లోడు లేసి సూస్తే ఆయన ల్యాడు. చచ్చిపోలేదు చిన్నపాపా. గడువైపోయింది. గడువైతే ఎవురైనా పోవల్సిందే. చెప్తే పిల్లోడు ఏడుస్తాడని నిద్రలో ఉన్నప్పుడు పోయినాడు. అది తప్పు. నేనట్ల పోను. నాకూ గడువైపోయింది. రేపు తెల్లారక ముందే నా విమానం. నిన్ను లేపి, నీకు చెప్పి పోతా."

చెల్లి నవ్వు ఆగిపోయింది. "మళ్ళీ వస్తావా?"

"తెల్దు తల్లీ. వస్తానని చెప్పి అబద్ధమాడను."

చెల్లి అవ్వ ఒళ్ళోకి ఎక్కి మెడ పట్టుకుంది. తెర మీద చప్పట్ల బొమ్మలు వరసగా లేచాయి. సినిమాలో లాగే మాటల్లేకుండా చెప్పాలన్న ఆలోచన ఎంత బాగుందో అని టీచరు మెచ్చుకుంది. నేను సిగ్గు లేకుండా తలాడించాను. అవ్వ కళ్ళు తుడుచుకుని "పిల్లోల్లు ఎంత నిమ్మళంగా ఇన్న్యారో" అంది. అప్పుడు దిగిన ముల్లు ఇన్నేళ్ళూ నాలోపలే ఉంది.

శుక్రవారం తెల్లవారుజామున అవ్వ చెల్లిని లేపింది. అమ్మ వచ్చి అడ్డుకోబోయి, చెల్లి అప్పటికే గౌను వేసుకుని కూర్చుని ఉండటం చూసి ఆగిపోయింది. చెల్లి ఏడ్చింది, లేదనను. కానీ తలుపు దాకా వెళ్ళి, పుస్తకాన్ని అవ్వ సంచిలో పెట్టి, "నీకు చదవడం వచ్చిన పుస్తకం ఇదే కదా" అంది. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా చెయ్యి ఊపింది. ఏ జ్వరమూ రాలేదు. బియ్యం డబ్బాలో ఎవరినీ వెతకలేదు.

మాల్ నుంచి వచ్చిన రాత్రి ఇదంతా చెల్లికి చెప్పేశాను. మైకు నేనే కట్టేశానని, అవ్వని చూసి సిగ్గుపడ్డానని, పాపం ఆమె అంత మురిపెంగా చెప్పిన కథ గోడకి చెప్పినట్టయిందని.

చెల్లి మంచం మీద లేచి కూర్చుంది. "మరి కుక్కరు ఎవరు పెట్టారక్కా?"

"ఏ కుక్కరు?"

"కథ మధ్యలో ఈల వేసింది కదా. నాకు గుర్తుంది. గీత చూడకుండా అవ్వ ఎప్పుడూ పెట్టదు."

ఒక్క నిమిషం అని లేచి వెళ్ళిన అవ్వ వీపు ఐదేళ్ళ తర్వాత కళ్ళ ముందు కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాను. అవ్వ ఇప్పుడు కూతురుండే ఊళ్ళో అంగన్‌వాడీలో వంట చేస్తుంది. వీడియోలో ఎప్పటిలాగే నుదురు, ముక్కుపుడక మాత్రమే కనిపించాయి. కుశలాలయ్యాక అడిగేశాను. ఆ రోజు మైకు మీద గీత చూశావా అని.

"సూడకుండా ఎట్ల పెడతా కుక్కరు? బియ్యం నాని ఉండె. గీత ఎర్రగుండె. పెట్టేసి వచ్చినా" అంది, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"మరి తెలిసీ ఏమీ అనలేదేం అవ్వా? అంతసేపు ఎందుకు చెప్పావు?"

"ఆ పిల్లోల్లకు చెప్పల్సిన మాటనా అది? చిన్నపాపకు చెప్పల్ల. దానికి ఇనపడింది. మీ అమ్మ ముందర చెప్పనీకి నాకు నోరు రాకపాయె, పుస్తకం చేతిలో ఉంటే వచ్చింది. నీకు సిగ్గైతాదని తెల్దా నాకు? లిఫ్టులో సూడల్యా నేను నిన్ను?" నవ్వింది. "పదమూడేండ్ల పిల్లకు ఉంటాదిలే. కరేపాకు చెట్టు బాగుండాదా?"

బాగుందన్నాను. ఇల్లు మారినా డబ్బాతో సహా తెచ్చుకున్నాం. నన్ను క్షమించు అనడానికి బదులు ఫోన్ తిప్పి ఆ మొక్కని చూపించాను. ఆమె వెనక చాప మీద పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. గోడ దగ్గర ఆ పుస్తకం, అట్ట ఊడిపోతే గుడ్డతో కుట్టి ఉంది.

"ఉంటా పెద్దపాపా" అని అవ్వ గొంతు తగ్గించింది. "పిల్లోల్లు లేసే యాళయింది. కండ్లు తెరిసేసరికి వాల్లకు నేను కనపడల్ల."